కళింగపట్నం ఒడ్డున ఆరు ఆదివారాలు: జిడ్డు ముఖం మీద ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం నుంచి మార్చి నడిమి దాకా, రెండు వారాలకు ఒకసారి చొప్పున ఆరు ఆదివారాలు శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లాను. ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఒడ్డున గడిపి, నుదుటి మీద జిడ్డు ఏ గంటకు ఎంత చేరుతోందో కొలిచాను. నా బుగ్గల మీద మంగు ఉంది. సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి వెళ్లవద్దని చర్మవైద్యురాలు చెప్పి రెండేళ్లయింది. అయితే అది రాసుకున్న గంటకే ముఖం నూనెలో ముంచి తీసినట్టు మెరిసేది. ఆ మెరుపుకు జంకి క్రీము తగ్గించుకుంటూ వచ్చాను, మంగు ముదురుతూ వచ్చింది. అందుచేత ఈ పనికి పెట్టుకున్న నియమం ఒక్కటే: మెరుపు తగ్గాలి, క్రీము మాత్రం తగ్గకూడదు. నాలుగో ఆదివారం ఆ నియమాన్ని నేనే తప్పాను. దాని వల్ల జరిగింది కూడా దాచకుండా రాశాను.

మొదటి దశ: త్రాసుతో తప్పు, చెమటతో తప్పు (1, 2 ఆదివారాలు)

జిడ్డును తూచవచ్చని మొదట అనుకున్నాను. కాలేజీ ప్రయోగశాలల్లో వాడే గుండ్రటి ఫిల్టరు కాగితాలు, 12.5 సెం.మీ. వ్యాసం గలవి, వంద ఉన్న పెట్టె ఒకటి కొన్నాను. ఒక్కో దానిలోంచి 5 సెం.మీ. పొడవు, అంతే వెడల్పు గల ముక్కలు రెండేసి వచ్చాయి. దానితో పాటు, బంగారం తూచడానికి వాడే, 0.01 గ్రాము దాకా చూపే జేబు త్రాసు కొన్నాను. ముక్కను ముందు తూచి, నుదుటికి అద్ది, మళ్లీ తూచి, ఆ తేడాను జిడ్డుగా రాసుకోవడం నా ఆలోచన.

మొదటి ఆదివారం పన్నెండు ముక్కలు తూచాను. ఇంకా నుదుటిని తాకని ముక్కే ఒడ్డున 0.24 గ్రాములు, కారులో తలుపులు వేసి తూస్తే 0.22 గ్రాములు చూపింది. గాలికి త్రాసు పళ్లెం కదలడం ఒక కారణం, సముద్రపు గాలిలోని తేమను కాగితం పీల్చుకోవడం ఇంకో కారణం. ఇంటికి వచ్చి లెక్క వేశాక అసలు తప్పు బయటపడింది. జిడ్డు చర్మం గలవారి నుదుటి మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 200 మైక్రోగ్రాముల నూనె ఉంటుంది. 25 చదరపు సెంటీమీటర్ల ముక్క దానినంతటినీ పీల్చుకున్నా అది 5,000 మైక్రోగ్రాములు, అంటే 0.005 గ్రాము. ఆ త్రాసు చూపగల కనీసపు బరువే అందుకు రెట్టింపు. త్రాసు కొనకముందే వేసుకోవలసిన లెక్క ఇది. ఇదే పని చేయదలచినవారు నూనెను తూచే ప్రయత్నం చేయవద్దు. త్రాసును మాత్రం పారేయవద్దు, మూడో దశలో అది ఇంకో పనికి వచ్చింది.

రెండో ఆదివారం పద్ధతి మార్చాను. నూనె తగిలిన చోట కాగితం పారదర్శకం అవుతుందని పకోడీల పొట్లం విప్పినవారందరికీ తెలుసు. అద్దిన ముక్కను గ్రాఫు కాగితం మీద పరిస్తే, నూనె పట్టిన చోట కింది గీతలు కనిపిస్తాయి. 5 సెం.మీ. ముక్క కింద 5 మిల్లీమీటర్ల గళ్లు సరిగ్గా 100 వస్తాయి కాబట్టి, గీతలు కనిపించిన గళ్లను లెక్కపెడితే అదే నూటికి ఇంత అన్న కొలత అవుతుంది. పదకొండు గంటలకు 96, పన్నెండుకు 97, ఒంటిగంటకు 96 వచ్చాయి. ఏ గంటకైనా అదే అంకె రావడం చూసి మళ్లీ ఏదో తప్పు జరుగుతోందని అర్థమైంది కానీ, ఏమిటో ఆ పూట తట్టలేదు.

సాయంత్రం ఇంటికి చేరి సంచిలోంచి ముక్కలు తీస్తే, పదకొండు గంటల ముక్క మీద 96 గళ్లకు 58 మాత్రమే మిగిలాయి. అంచుల దగ్గర కాగితం తిరిగి తెల్లబడింది. నడుమ మాత్రం నా నుదుటి ముడతలు రెండు సన్నటి తెల్ల గీతలుగా, వాటికి అటూ ఇటూ నూనె పట్టిన భాగం మైనం పూసినట్టుగా నిలిచిపోయింది. చెమట కూడా కాగితాన్ని పారదర్శకం చేస్తుంది, కానీ ఆరిపోతుంది. నూనె ఆరదు. ఆ ముక్క వల్ల ఈ ప్రాజెక్టు దారిలో పడింది. తర్వాత ప్రతిసారీ పాటించిన పద్ధతి ఇది.

1. చాప మీద వెల్లకిలా పడుకోవాలి. కూర్చుని చేత్తో అద్దితే ఒత్తిడి ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది.
2. ముక్కను నుదుటి మీద పరిచి, దాని మీద అదే కొలతకు కోసిన స్పాంజి, స్పాంజి మీద 100 గ్రాముల తూకపు రాయి పెట్టి, 30 సెకన్లు ఉంచాలి.
3. ముక్క వెనుక పెన్సిలుతో అంకె మాత్రమే వేయాలి. ఏ అంకె ఏ గంటదో, ఏ వైపుదో వేరే పుస్తకంలో రాసుకోవాలి.
4. ముక్కలను ఒకదానికొకటి తగలకుండా నీడలో రెండు గంటలు ఆరనివ్వాలి.
5. ఆరాక గ్రాఫు మీద పరిచి గళ్లు లెక్కపెట్టాలి. సగానికి మించి కనిపిస్తే ఒకటి, లేకపోతే సున్న.

గళ్ల లెక్క మా ఆయనకు అప్పగించాను. ఏ ముక్క ఏ క్రీముదో ఆయనకు తెలియదు. నాకు తెలిసి లెక్కపెట్టినప్పుడు నచ్చిన క్రీముకు రెండు మూడు గళ్లు తక్కువ వేస్తున్నానని ఒకసారి పోల్చి చూసుకుంటే తేలింది.

ఇప్పటికి మొత్తం: ఆదివారాలు 2. ముక్కలు 28. ఖర్చు: కాగితాలు రూ. 180, త్రాసు రూ. 450, గ్రాఫు పుస్తకం రూ. 30, వెరసి రూ. 660.

రెండో దశ: ఆ మెరుపు ఎవరిది? (ఇంట్లో పది రోజులు, 3వ ఆదివారం)

చర్మంలోని నూనె గ్రంథులు సెబం అనే నూనెను విడుస్తూ ఉంటాయి. నుదురు, ముక్కు, గడ్డం మీద ఆ గ్రంథులు ఎక్కువ. అవి ఎంత నూనె విడవాలన్నది ప్రధానంగా హార్మోన్ల చేతిలో ఉంటుంది. చర్మం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే నూనె సుమారు పది శాతం ఎక్కువగా వస్తుంది. ఇవన్నీ తెలిసినవే కాబట్టి, ఒడ్డున నా ముఖం మెరవడానికి ఎండా, నా గ్రంథులూ కలిసి కారణమని అప్పటిదాకా నమ్మాను. రాసుకునే క్రీమును ఎన్నడూ అనుమానించలేదు.

ఇంట్లో, నీడలో, పైవాటిని విడదీసి చూశాను. ముఖం కడిగి, ఆరిన పావుగంటకు ఏ క్రీమూ లేకుండా అద్దితే 3 గళ్లు వచ్చాయి. క్రీము లేకుండానే మూడు గంటలు ఆగితే 22. అంటే మూడు గంటల్లో నా చర్మం సొంతంగా చేర్చింది 19 గళ్లు. తర్వాత కడిగిన ముఖానికి రెండేళ్లుగా వాడుతున్న క్రీము రాసి, పావుగంటకే అద్దాను. 38 వచ్చింది. చర్మానికి ఇంకా నూనె విడిచే వ్యవధి కూడా లేదు. ఆ 38 క్రీముదే. మూడు రోజులు మళ్లీ మళ్లీ చేసినా 36కు తగ్గలేదు, 41కి పెరగలేదు.

ఆ క్రీము చెడ్డది కాదు. డబ్బా మీది చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివితే పొడి చర్మానికి అని స్పష్టంగా ఉంది. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ 50 అన్న అంకె చూసి కొన్నానే గాని, కింది వరుస చదవలేదు. ఎస్‌పీఎఫ్ 30 గలది, చర్మాన్ని కందించే యూవీ-బీ (అతినీలలోహిత) కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 గలది సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. ఆ అంకె 30 దాటాక ఇంకా పైకి వెతకడం కంటే, చర్మాన్ని నల్లబరిచే యూవీ-ఏ కిరణాల నుంచి రక్షణను చెప్పే పీఏ గుర్తు పక్కన ప్లస్సులు ఎన్ని ఉన్నాయో, నీటికి ఎన్ని నిమిషాలు తట్టుకుంటుందని రాశారో, ఏ చర్మానికని రాశారో చూడడం మేలని నా అభిప్రాయం.

కొత్తగా రెండు కొన్నాను. జిడ్డు చర్మానికని రాసి ఉన్న జెల్ రకం ఒకటి, 80 నిమిషాలు నీటికి తట్టుకునేది. జింక్ ఆక్సైడ్‌తో చేసిన చిక్కటి రకం ఇంకొకటి. పావుగంట పరీక్షలో జెల్‌కు 17, జింక్‌కు 9 వచ్చాయి. అంకెను బట్టి జింక్ గెలవాలి. కానీ దాని ముక్కను వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి పొడి కాగితమంతా పేరుకుని కనిపించింది. ఆ పొడి నూనె మచ్చను కప్పేస్తోంది కాబట్టి 9 అన్న అంకెను నమ్మలేను. పైగా నా చామనఛాయ మీద అది విభూతి పూసినట్టు కనిపించింది. చర్మానికి మంట పెట్టని రకం కావలసినవారికి జింక్ మంచిదే, నా కొలత పద్ధతికి మాత్రం అది లొంగలేదు. పక్కన పెట్టాను.

మూడో ఆదివారం, ఫిబ్రవరి మొదటి తారీఖుల్లో, నుదుటి ఎడమ సగానికి పాత క్రీము, కుడి సగానికి జెల్ సమానంగా రాసి ఒడ్డుకు వెళ్లాను. పదకొండు గంటలకు నీడలో 27 డిగ్రీలు ఉంది. ఎడమ ముక్క 71, కుడి ముక్క 44. ఒకే నుదురు, ఒకే ఎండ, ఒకే గాలి.

ఆ రాత్రి నుంచే 4 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) సీరం రాత్రిపూట వాడడం మొదలుపెట్టాను. ఈ పదార్థం 2 శాతం మోతాదులోనే కొన్ని వారాల్లో నూనెను కొంత తగ్గిస్తుంది. నుదురంతటికీ రాశాను కాబట్టి, తర్వాతి అంకెల్లో దాని వాటా ఎంతో విడదీసి చెప్పే వీలు లేకుండా పోయింది. కొలత కోసం చేసేవారు దీన్ని ప్రాజెక్టుకు రెండు నెలల ముందో, ముగిశాకో మొదలుపెట్టాలి.

ఇప్పటికి మొత్తం: ఆదివారాలు 3. ముక్కలు 74. ఖర్చు: పాతది రూ. 660, జెల్ రూ. 420, జింక్ రూ. 520, వెరసి రూ. 1,600. సీరం ఇంట్లో ఉన్నదే.

మూడో దశ: నియమం తప్పిన రోజు (4వ ఆదివారం)

44 ఇంకా ఎక్కువే అనిపించి, ఒకే రోజు మూడు మార్పులు చేశాను. ఒకే రోజు మూడు చేయడమే మొదటి తప్పు.

మొదటి మార్పు, ఎడమ సగానికి క్రీము తగ్గించడం. పనికిరాదనుకున్న త్రాసు ఇక్కడ అక్కరకు వచ్చింది. రోజూ చేతికి వచ్చినట్టు తీసుకునే క్రీమును ఒక ప్లాస్టిక్ కాగితం మీద వేసి తూస్తే 0.4 గ్రాము ఉంది. క్రీము డబ్బాల మీద రాసే ఎస్‌పీఎఫ్ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందాన రాసి నిర్ణయిస్తారు. ముఖం, మెడ ముందు భాగం కలిపి 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 1.2 గ్రాములు కావాలి. అంటే రెండేళ్లుగా అందులో మూడో వంతు రాసుకుని, ఎస్‌పీఎఫ్ 50 రాసుకున్నానని అనుకున్నాను. చూపుడు వేలు, నడిమి వేలు మీద మొదటి నుంచి చివరి దాకా రెండు గీతలుగా పిండితే నా ట్యూబులోంచి 1.1 గ్రాములు వచ్చాయి. త్రాసు లేనివారికి ఆ రెండు వేళ్ల లెక్క చాలు. ఇంత తెలిసి కూడా, మెరుపు ఎంత తగ్గుతుందో చూద్దామని ఎడమ సగానికి 0.2 గ్రాము, కుడి సగానికి 0.6 గ్రాము రాశాను.

రెండో మార్పు, పౌడరు. తొమ్మిదిన్నరకు చెమట మీదే ముఖమంతా అద్దాను. పావుగంటలో అది తడి పిండిగా మారి, నుదుటి ముడతల్లో తెల్లటి వరసలు కట్టింది. కాగితం మీద మాత్రం 12 గళ్లే వచ్చాయి. జింక్ విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది: పౌడరు కాగితాన్ని కప్పి, కొలతను మోసం చేసింది. అద్దంలో చూస్తే ముఖం మెరుపు, మరకలు కలిసి ముందుకంటే అధ్వానంగా ఉంది.

మూడో మార్పు, సబ్బు. పౌడరు వదిలించుకోవడానికి దగ్గరలోని బోరింగు దగ్గర పన్నెండింటి లోపు మూడుసార్లు ముఖం కడిగాను. కడిగిన నలభై నిమిషాలకు 19, గంటన్నరకు 41. ఒళ్లు రుద్దుకునే సబ్బు క్షారం, దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. చర్మం పైపొర కొంచెం ఆమ్లం, 5కు అటూ ఇటూ. బుగ్గలు చిటపటలాడి బిగుసుకున్నాయి, నుదుటి జిడ్డు మాత్రం గంటన్నరలో తిరిగి వచ్చేసింది. అంతకంటే పెద్ద నష్టం, సబ్బు క్రీమును పూర్తిగా కడిగేసింది. మూడోసారి కడిగాక పిల్లలతో గవ్వలు ఏరుతూ, తిరిగి రాసుకోవాలన్న సంగతి మరిచి గంటసేపు ఎండలో తిరిగాను.

ఆ సాయంత్రానికి ముఖమంతా మండింది. ఎడమ వైపు ఎక్కువగా కందిపోయింది. మంగళవారానికి ముక్కు మీద పొర లేచింది. ఎడమ బుగ్గ మీది మంగు అంచు ఆ వారమంతా ముదురుగా కనిపించింది. 0.2 గ్రాము రాసిన సగం మీద పొద్దున్న తగ్గిన మెరుపు 7 గళ్లు. ఏడు గళ్ల కోసం ఏడాది జాగ్రత్తను పాడు చేసుకున్నాను. ఇది చదివి ఎవరైనా ఒక్క పని మానాలంటే, మెరుపుకు భయపడి సన్‌స్క్రీన్ తగ్గించడం మానాలి.

ఆ తర్వాత మార్చినవి:

1. సబ్బు పూర్తిగా మానేశాను. పొద్దున ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి, ఘాటు లేని ఫేస్‌వాష్.
2. ఒడ్డున ముఖానికి పౌడరు లేదు.
3. ప్రతి పూతా తూచిన 1.2 గ్రాములు. ఒకేసారి రాస్తే జెల్ నలకలుగా లేస్తోంది కాబట్టి 0.6 రాసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ 0.6. ఒకే దఫాగా రాసినదానికి పావుగంటకు 17 వస్తే, రెండు దఫాలుగా రాస్తే 14 వచ్చింది.

ఇప్పటికి మొత్తం: ఆదివారాలు 4. ముక్కలు 98. ఖర్చు: రూ. 1,600, పౌడరు రూ. 60, వెరసి రూ. 1,660.

నాలుగో దశ: తలనూనె, ఖద్దరు గుడ్డ (5వ ఆదివారం)

అన్నీ సరిగ్గా చేసినా మార్చి మొదటి ఆదివారం తొమ్మిది గంటలకే 49 వచ్చింది. జెల్ అదే, మోతాదు అదే, ఎండ ఇంకా ముదరలేదు. ఆరిన ముక్కను చూస్తే మచ్చ నుదుటి నడుమ లేదు. పై అంచున, జుట్టు మొదలయ్యే వైపు, వేలెడు వెడల్పున ఒక పట్టీలా ఉంది. అక్కడి నుంచి రెండు ధారలు కిందికి జారిన ఆనవాలు కూడా ఉంది. వాసన చూస్తే కొబ్బరినూనె.

ముందు రాత్రి అత్తయ్య నా తలకు నూనె పట్టించారు. అంతకుముందు ఆదివారాలకు ఆవిడ పలాసలో మా ఆడపడుచు దగ్గర ఉన్నారు కాబట్టి ఈ సంగతి లెక్కలోకి రాలేదు. ఎండకు తల వేడెక్కి, చెమట పట్టి, ఆ నూనె నుదుటి మీదికి దిగుతోంది. కొబ్బరినూనె రంధ్రాలను మూసే రకం. నుదుటి పైఅంచున నాకు ఎప్పుడూ వచ్చే చిన్న చిన్న కురుపులకు కారణం కూడా అదే అయి ఉండవచ్చు. ఇంటికి వచ్చి అత్తయ్యతో చెబితే ఆవిడ ఒప్పుకోలేదు.

“ఎండలోకెల్తన్నావు, నెత్తికి నూని నేకపోతే కల్లు మండిపోవేటమ్మా?”

“మానేయను అత్తయ్యా. ఆదివారం రాత్రి, వచ్చాక పట్టించండి. వెళ్లేముందు వద్దు.”

ఆరిన ముక్క మీది పట్టీని కిటికీ వెలుతురుకు పట్టి చూపించాక ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆదివారం రాత్రి నూనె, సోమవారం తలస్నానం.

అదే రోజు అద్దే పద్ధతులను కూడా పోల్చాను. దుకాణంలో దొరికే నూనె అద్దే కాగితాల పాకెట్టు ఒకటి, ఇంట్లో పాత పొందూరు ఖద్దరు చీర నుంచి చింపిన చేతిగుడ్డలు ఆరు తీసుకెళ్లాను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో నూలు వడికే ఊరు పొందూరు. ఆ సన్నటి ఖద్దరు ఉతికే కొద్దీ మెత్తబడి, చెమటను ఇట్టే పీల్చుకుంటుంది. మిల్లు బట్ట జేబురుమాలు ముందు చెమటను ముఖమంతా పామి, తర్వాత పీలుస్తుంది.

ఒంటిగంటకు నుదుటి రెండు వైపులా 46 ఉన్నప్పుడు, ఎడమ వైపు నూనె కాగితం మాత్రమే అద్దాను. 27కు తగ్గింది. కుడి వైపు ముందు ఖద్దరు గుడ్డతో చెమటను అద్ది, పది సెకన్లు ఆగి, తర్వాత నూనె కాగితం అద్దాను. 14కు తగ్గింది. నీటితో నిండిన కాగితం నూనెను పీల్చలేదు. ముందు నీరు, తర్వాత నూనె అన్న ఈ వరస నాకు ఈ మొత్తం ప్రాజెక్టులో దొరికిన వాటిలో అన్నిటికంటే చవకైనది, ఎక్కువ ఫలితం ఇచ్చినది. అద్దాలే గాని రుద్దకూడదు. రుద్దితే జెల్ నలకలు కట్టి ఊడిపోతుంది, ఇసుక రేణువులు ఉంటే చర్మం గీసుకుపోతుంది. అద్దినప్పుడు కూడా క్రీము కొంత కాగితానికి పోతుంది కాబట్టి, అద్దిన ప్రతిసారీ వెంటనే కొత్త పూత పడాలి.

ఇప్పటికి మొత్తం: ఆదివారాలు 5. ముక్కలు 128. ఖర్చు: రూ. 1,660, నూనె కాగితాలు రూ. 150, వెరసి రూ. 1,810.

ఐదో దశ: నీడను కొలిచి, రోజును మార్చడం (6వ ఆదివారం)

ఎండ ఎప్పుడు ముదురుతుందో గడియారం కంటే నీడ బాగా చెబుతుంది. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపు సూర్యుడు 45 డిగ్రీల కంటే పైన ఉన్నట్టు. ఇసుకలో మీటరు పొడవు కర్ర నిటారుగా పాతి, టేపుతో నీడ కొలిచాను. ఎనిమిదింటికి 196 సెం.మీ., తొమ్మిదింటికి 116, తొమ్మిదిన్నరకు 92, పన్నెండుకు 37, రెండున్నరకు 89, మూడింటికి 112. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మనకు దగ్గరే కాబట్టి, ఇక్కడ నడినెత్తి ఎండ దాదాపు గడియారపు పన్నెండింటికే వస్తుంది. తొమ్మిదింబావు నుంచి రెండుముప్పావు దాకా ఎండలో ఉండకూడదని ఆ కర్ర చెప్పింది.

దాన్ని బట్టి రోజు వరస మార్చాను. స్నానం, ఆటలు ఎనిమిది నుంచి తొమ్మిది లోపు. తర్వాత సరుగుడు తోట నీడ, వెడల్పు అంచు నూలు టోపీ. వేడి తగ్గితే నూనె కూడా తగ్గుతుందన్నది ఇక్కడ పనికొచ్చింది. అయితే నీడలో ఉన్నామని పూత మానకూడదు. సరుగుడు ఆకుల సందుల్లోంచి ఎండ రాలుతూనే ఉంటుంది. పొడి ఇసుక సుమారు 15 శాతం, సముద్రపు నురగ సుమారు 25 శాతం అతినీలలోహిత కిరణాలను తిరిగి మన మీదికే విసురుతాయి. టోపీ పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుంది గాని, కిందినుంచి వచ్చేదాన్ని ఆపదు.

ఆ రోజు చేసిన పని ఇది:

1. 6.30: ఫేస్‌వాష్, మెత్తగా అద్ది ఆరబెట్టడం. తలనూనె లేదు.
2. 7.00: జెల్ 0.6 గ్రాము, ఐదు నిమిషాల తర్వాత 0.6. చెవులకు, మెడ వెనక్కు వేరే.
3. 8.00 నుంచి 8.50: సముద్రంలో. బయటికి రాగానే సీసాలోని మంచినీళ్లతో ఉప్పు, ఇసుక పోయేలా ముఖం తడపడం.
4. 9.00, 11.00, 1.00, 3.00: ఖద్దరు, నూనె కాగితం, రెండు దఫాలుగా జెల్ 1.2 గ్రాములు.
5. వేయించిన చేపలు తిన్నాక చేతులు కడిగేదాకా ముఖం ముట్టుకోకపోవడం. ఇది చిన్నదిగా కనిపిస్తుంది, కానీ రెండో ఆదివారం నా గడ్డం మీద అద్దిన ముక్కకు వేపుడు వాసన వచ్చింది.

అద్దకముందు, అద్దిన తర్వాత గళ్లు: తొమ్మిదింటికి 26, 11. పదకొండుకు 39, 14. ఒంటిగంటకు 34, 12. మూడింటికి 31, 12. పదకొండు గంటలకు నీడలో 31 డిగ్రీలు ఉంది. మూడో ఆదివారం కంటే నాలుగు డిగ్రీలు వేడి. ఆ రోజు పాత క్రీముకు 71, జెల్‌కు 44 వస్తే, ఇప్పుడు అదే గంటకు 39 వచ్చి, అద్దగానే 14కు దిగింది. సాయంత్రానికి ఎక్కడా కందలేదు. మంగు రంగులో, మొదటి ఆదివారం తీసిన ఫొటోతో పోలిస్తే, నాకు తేడా కనిపించలేదు. ముదరకపోవడమే నాకు కావలసింది.

రోజుకు క్రీము 1.2 గ్రాముల చొప్పున ఐదు పూతలు, 6 గ్రాములు. 50 గ్రాముల ట్యూబు రూ. 420 కాబట్టి గ్రాము రూ. 8.40, రోజుకు సుమారు రూ. 50. ఒక ట్యూబు ఇలాంటి ఎనిమిది రోజులకు వస్తుంది. ఏడాదంతా ఒకే ట్యూబు నడుస్తోందంటే, చాలినంత రాసుకోవడం లేదన్నమాట.

ఇప్పటికి మొత్తం: ఆదివారాలు 6. ముక్కలు 154. ఖర్చు: రూ. 1,810, టోపీ రూ. 250, వెరసి రూ. 2,060. ఇందులో త్రాసు, జింక్, పౌడరు కలిపి రూ. 1,030 మళ్లీ చేసేవారు మిగుల్చుకోవచ్చు.

ఇంకా తేలనివి

ఇది ఒక్కరి నుదురు. జనవరి నుంచి మార్చికి ఎండ ముదిరింది, సీరం నడుమలో చేరింది కాబట్టి, 44 నుంచి 39కి వచ్చిన తేడాలో దేని వాటా ఎంతో చెప్పలేను. అద్దడం వల్ల తగ్గినది మాత్రం అదే నిమిషంలో కొలిచినది కాబట్టి దాన్ని గట్టిగా నమ్ముతున్నాను. మొటిమల మందులు, ముఖ్యంగా రెటినాయిడ్లు వాడేవారు ఒడ్డుకు వెళ్లేముందు తమ వైద్యులను అడగాలి, వాటితో చర్మం ఎండకు త్వరగా కందుతుంది.

ముక్కు మిగిలిపోయింది. అద్దంలో అన్నిటికంటే ముందు మెరిసేది అదే, కానీ వంపు మీద 5 సెం.మీ. ముక్క, తూకపు రాయి నిలవవు. కళ్లజోడు ఆనే రెండు చోట్ల క్రీము ప్రతి గంటా చెరిగిపోతోంది, అక్కడే చర్మం నల్లబడుతోంది. 200 ముక్కల్లో 46 మిగిలాయి. వాటిని 1 సెం.మీ. పట్టీలుగా కోసి, రాయికి బదులు బట్టలకు పెట్టే క్లిప్పు ఒత్తిడి ఎంతో త్రాసు మీద కొలిచి, ఏప్రిల్ మొదటి ఆదివారం ముక్కుతో మొదలుపెడతాను.